మోటుపల్లి రేవు కట్టుబాట్లు: గణపతిదేవ, అనపోతారెడ్ల శాసనములు

అద్దంకి సముద్రతీరపు పట్టణము కాదు. గుండ్లకమ్మ పరిసరమున, నేఁడు ప్రత్తియు మిరపయుఁ బండు మెట్టనేలల నడుమ నున్నది. క్రీ. శ. 848 నాఁటి పండరంగని శాసనమువలనఁ దెలుఁగు పద్యచరిత్రమున దానికొక స్థానము కలదు. ఎఱ్ఱాప్రెగ్గడచే హరివంశమును గృతినందిన ప్రోలయ వేమారెడ్డికి రాజధాని యగుటచే మఱియొక స్థానము కలదు. ఈ రెండును పండితులెల్లరు నెఱిఁగినవే. కాని వేమారెడ్డి వంశమువారి సిరికి ఆధారమేది యని విచారించువారు అద్దంకినుండి చూపును తూర్పునకుఁ ద్రిప్పి, చినగంజాము దాపున నున్న మోటుపల్లిని జూడవలసి యున్నది. మెట్టసీమ రాజ్యమునకు గుఱ్ఱములు గాని, బంగారు గాని, కర్పూరము గాని రావలసిన వాకిలి యది.

ఒక రేవు ఎట్లు నడచెనో తెలుపు సాధనములు దక్షిణదేశమున మిక్కిలి యరుదు. రాజులు దేవాలయములకిచ్చిన భూముల యెల్లలను పుట్టలతో, చింతచెట్లతో సహా చెక్కించిరి గాని, ఓడ రేవు చేరినపుడు దాని సరకునుండి యెంత కొనవలెనో, వర్తకుఁడు మరణించినయెడల నతని సొమ్మేమి కావలెనో చెక్కించిన చోట్లు వ్రేళ్లమీఁద లెక్కింపఁదగినన్ని యైనను లేవు. మోటుపల్లికి అట్టి శాసనములు రెండు కలవు. మొదటిది కాకతీయ గణపతిదేవుఁడు శక 1166 క్రోధి సంవత్సరమున, అనఁగా క్రీ. శ. 1244-45లో నిచ్చినది. రెండవది అనపోతారెడ్డి శక 1280లో, అనఁగా క్రీ. శ. 1358లో నిచ్చినది. రెంటికి నడుమ నూటపదునాలుగేండ్ల యంతరము. వీనిని చరిత్రకారులు తఱుచుగా నొకే త్రాటఁ గట్టి, అభయశాసనములని ప్రశంసించి విడుచుచున్నారు. కాని యవి యభయమిచ్చినది ఒక్క భయమునకే కాదు. మొదటిదాని భయము వేఱు, రెండవదాని భయము వేఱు. ఆ భేదమే యిచ్చట విచారింపఁదగినది.

మోటుపల్లి ప్రకృతిచే నేర్పడిన గొప్ప రేవు కాదు. పెద్ద యోడ వచ్చి యొడ్డునానుకొని నిలుచుటకు వీలైన లోఁతు ఈ తీరమున నెచ్చటను సామాన్యముగా దొరకదు. ఓడలు దూరమున లంగరు వేసికొని యుండఁగా, చిన్న పడవలు కెరటములను దాఁటిపోయి సరకును దింపి తెచ్చుట కోరమాండలు తీరమునందెల్ల నున్న పద్ధతి. దీనికిఁ దోడు ఆశ్వయుజ కార్తికముల గాలివానలు. ఈ సముద్రపుఁ బోటు ఎట్టిదో 1977 నవంబరు 19వ తేది నాఁటి దివిసీమ యుప్పెనను జూచినవారికిఁ జెప్ప నక్కఱలేదు. అట్టి తీరమున నోడ పగులుట విపరీతము కాదు; వర్తకుఁడు బయలుదేఱునపుడే లెక్కలోఁ జేర్చికొనవలసిన సంగతి.

గణపతిదేవుని శాసనము మోటుపల్లి వీరభద్రాలయమునందలి స్తంభముపైఁ జెక్కఁబడినది. హుల్ట్జి పండితుఁడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమునఁ బ్రకటించెను. ఇందు మోటుపల్లికి దేశ్యుయ్యకొండపట్టణమను నామాంతరము చెప్పఁబడినది. ‘ఉయ్యక్కొండ’ యనునది తెలుఁగు పలుకుబడి కాదు, అరవపుఁ గూర్పు. ‘దేశి’ యనునది నానాదేశి వర్తకసంఘములను స్ఫురింపఁజేయుచున్నది. ఊరిపేరే యా రేవునకు వచ్చిపోవువా రెవరో చెప్పుచున్నట్లున్నది.

శాసనమునందలి ముఖ్యాంశ మిది. సకల ద్వీపములకు, దేశాంతరములకు, పట్టణములకు నోడలపై వచ్చిపోవు వర్తకులకు గణపతిదేవమహారాజు అభయమిచ్చుచున్నాఁడు. పూర్వపు రాజులు, ఒక దేశమునుండి మఱియొక దేశమునకుఁ బోవుచు గాలివాన తాఁకిడిచే భగ్నమై యొడ్డునఁ బడిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సమస్తమును బలాత్కారముగాఁ గొనుచుండిరి. ప్రాణముకంటెను ధనమే యెక్కువ యని తలఁచి సముద్రయానపు సాహసమున కొడిగట్టిన వారియెడఁ గరుణచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, తాను క్లుప్తశుల్కము తక్క తక్కిన సర్వమును వారికే విడుచుచున్నాఁడట. వర్తకుని లోభమును ఎత్తిచూపుచునే వానిపై దయచూపిన యీ వాక్యరచన యెవరిదో గాని, ఆ శాసనకర్త మనుష్యస్వభావ మెఱిఁగినవాఁడు.

‘పూర్వపు రాజులు కొనుచుండిరి’ అనుమాట నెంతవఱకు నమ్మవలెను? జయించినవాఁడు తనకు ముందున్నవారిని దూషించుట శాసనములలోఁ గ్రొత్త గాదు. వెలనాఁటి సీమను గెలిచి, దివిసీమ నాయకులను లోఁబఱచికొని, ఆ వంశమున జాయపను తన కొలువునఁ జేర్చుకొన్న గణపతిదేవుఁడు, తీరపుఁ బూర్వపాలకులను గూర్చి మంచిమాట చెప్పునని యెదురుచూడరాదు. కాని యీ యాచారము కల్పితము కాదనుటకు వెలుపలి సాక్ష్యము కలదు. పడమటి తీరమున ఏలిమలరాజ్యమునఁ దమ రేవునకని బయలుదేఱని యోడ గాలికిఁ గొట్టుకొని వచ్చినయెడల, దేవుఁడే దీనిని మాకుఁ బంపెనని చెప్పి దోఁచుకొనుచుండిరని వెనీసు యాత్రికుఁడు మార్కోపోలో వ్రాసియున్నాఁడు. 14వ శతాబ్దిని వచ్చిన ఇబ్ను బతూతా, మలబారునందెల్లెడల భగ్నమైన యోడల సొమ్ము రాజభాండారమునకుఁ బోవుచుండఁగా, కాలికోటలో మాత్రము అది యజమానునికే దక్కుచుండెననియు, ఆ పట్టణము వర్ధిల్లుటకుఁ గారణ మదియే యనియుఁ జెప్పినాఁడు. పూర్వతీరమునను ఇట్టి యాచారమే యుండె ననుట అసంభావ్యము కాదు. ఐరోపాఖండమునను ఇదే తీరు. ఇంగ్లండులో 1275వ సంవత్సరపు వెస్టుమినిస్టరు శాసనము, పగిలిన యోడనుండి మనుష్యుఁడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతోఁ దప్పించుకొనినచో దానిని దిక్కులేని సొమ్ముగా నెంచరాదని విధించినది. మోటుపల్లి స్తంభ మంతకు ముప్పదియేండ్లు ముందటిది. పైగా అందుఁ బిల్లి బ్రదుకవలెనను నియమము లేదు.

అయినను గణపతిదేవుని యౌదార్యమును శాస్త్రముతోఁ బోల్చి చూచినపుడు మఱియొక సంగతి బయలుపడును. కౌటిల్యుని యర్థశాస్త్రమున నావధ్యక్ష ప్రకరణము కలదు. అందు గాలిదెబ్బ తిని దారితప్పిన యోడను నావధ్యక్షుఁడు తండ్రివలె ననుగ్రహింపవలెననియు, నీట తడిసిన సరకునకు సుంకము పూర్తిగా మాన్పవలెను, లేదా సగమే కొనవలెననియు విధి కలదు. గణపతిదేవుఁడో, ఓడ పగిలినను క్లుప్తశుల్కమును మాత్రము విడువలేదు. ఈ యంశమున నతఁడు కౌటిల్యునికంటె గట్టివాఁడనియే చెప్పవలెను. అర్థశాస్త్రపు విధి గ్రంథస్థమైనది. అది యే రేవునఁ గాలమున నెట్లు నడచెనో చూపు సాక్ష్యము దుర్లభము. మోటుపల్లి విధి రాతిమీఁది యాజ్ఞ. సుంకరి యెదుట నిలిచిన వర్తకునకు గ్రంథమందలి తండ్రి కంటె స్తంభమందలి సుంకమే మేలైన తోడు.

ఆ సుంక మెంత? ఎగుమతి దిగుమతులు రెంటికిని ముప్పదింట నొకవంతు. అనఁగా నూటికి మూఁడున్నొకమూఁడవవంతు. మనువు సుంకస్థానములందు ఇరువదవ వంతును రాజు కొనవచ్చునని చెప్పెను. కౌటిల్యుఁడు దిగుమతి సరకుపై నైదవ వంతువఱకుఁ జెప్పెను. వీనితోఁ జూడ మోటుపల్లి దర తక్కువ. 1440 ప్రాంతములఁ గాలికోటకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్రజాకు, అచ్చట సరకు అమ్ముడుపోయినపుడు మాత్రమే నలువదవ వంతు కొనుచుండిరనియు, అమ్ముడుపోనిచో నేమియు లేదనియు వ్రాసెను. కావున మోటుపల్లి దర దేశమునందెల్ల నతిస్వల్పమైనది కాదు గాని, శాస్త్రము రాజున కిచ్చిన యధికారముకంటెఁ జాలఁ దగ్గింపఁబడినది.

ఇదిగాక ముఖ్యమైన సరకులకు వేఱువేఱుగా దరలు చెక్కఁబడినవి. చందనము, కర్పూరము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాజి, కర్పూరతైలము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పట్టుబట్టలు, పోకలు — ఇవి యా పట్టికలోని సరకులు. చందనమునకుఁ దూనికపైని, పోకలకు లక్షకింత యని లెక్కపైని, తక్కినవానిలోఁ బెక్కింటికి వెలపైని సుంకము విధింపఁబడుట గమనింపఁదగినది. వెల కట్టుటలోనే సుంకరి చేతివాటము చూపుటకు వీలు. పోకలను లెక్కింపవచ్చును, చందనమును దూఁపవచ్చును. కస్తూరికిని ముత్యమునకును వెల యెంత యని వాదింపవచ్చును. గద్యాణములతో, ఫణములతో, వాని భిన్నములతో సహా దరలను రాతిపై నెక్కించుట సుంకరి నోటిని గట్టుటకే. పట్టికయొక్క ప్రయోజనము ధనార్జన మొక్కటే యైనచో, దానిని దేవాలయమున నందఱు చూచునట్లు నిలుప నక్కఱలేదు. సుంకరి కవిలెలో నుండిన చాలును.

లోకమున ఘట్టకుటీప్రభాతన్యాయ మొకటి కలదు. సుంకము తప్పించుకొనఁగోరి రాత్రియెల్ల నడ్డదారులఁ దిరిగిన బండివాఁడు తెల్లవాఱునప్పటికి సుంకరికొట్టము ముంగిటనే తేలెనట. ఇది భూమార్గపు వర్తకునకుఁ జెల్లును. సముద్రవర్తకుని సంగతి వేఱు. వానికి అడ్డదారులు వెదకికొన నక్కఱయే లేదు; తెరచాపను మఱియొక వైపునకుఁ ద్రిప్పిన చాలును, వేఱొక రాజు రేవు చేరును. బండివానిని రాజు పట్టుకొనఁగలఁడు; ఓడవానిని పిలిచికొనవలెను. అభయశాసనమునకు మూలమైన కారణ మిదియే. కరుణ, కీర్తి, ధర్మము అను మూఁడు పేర్లు శాసనమునఁ జెప్పఁబడినవి. నాలవదైన లాభము సుంకపుఁ బట్టిక రూపమున దానిక్రిందనే యున్నది. ఇట్లనుట గణపతిదేవుని ధర్మబుద్ధికిఁ గొఱఁత గాదు. ధర్మమును లాభమును ఒకే స్తంభమున నిలుపఁగలిగిన రాజులు కొలఁదిమంది.

శాసనమువలన ఫలము కలిగెననుటకు మార్కోపోలో వ్రాఁతలే సాక్ష్యము. అతఁడు ముత్ఫిలి యని పేర్కొన్న దేశము ఈ మోటుపల్లి రేవు పేరనే విదేశీయులకుఁ దెలిసిన కాకతీయరాజ్యము. అచ్చటి వజ్రములను, సాలెగూటి నూలువలె సన్ననైన వస్త్రములను, భర్త మరణానంతరము న్యాయముగాఁ బరిపాలించిన రాణిని అతఁడు కొనియాడెను. ఆ రాణి రుద్రమదేవి యని సామాన్యముగాఁ దలంపఁబడుచున్నది. ఆమె గణపతిదేవునకు భార్య కాక కూఁతురగుట యాత్రికునకుఁ దెలియలేదు. ఒక రాజ్యము రాజధాని పేరఁ గాక రేవు పేరఁ బరదేశమునఁ బ్రసిద్ధి కెక్కుటకన్న ఆ రేవు ప్రాముఖ్యమునకు వేఱు నిదర్శన మేల?

1323లో ఓరుఁగల్లు పతనమయ్యెను. రాజు లేని దేశమున రేవు శాసనము రాయిగానే మిగులును. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని గేంద్రముగాఁ జేసికొని తీరసీమను సమకూర్చుకొనుచున్నప్పుడు, మోటుపల్లిని సాధించినవాఁడు ఆతని తమ్ముఁడు మల్లారెడ్డి. వేముని యనంతరము కుమారుఁడైన అనపోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. రాజధాని కొండలలోనికిఁ బోయినను అతని చూపు సముద్రమును విడువలేదు. 1358 నాఁటి మోటుపల్లి శాసనమే యిందులకు సాక్షి. ఇది తెలుఁగునఁ గాక అరవమునను జెక్కఁబడుటచే, ఎవరు చదువుటకు ఉద్దేశింపఁబడినదో స్పష్టము. రెడ్డిరాజులు తమ కీర్తిని అరవమునఁ జాటఁగోరిరని తలఁచుటకంటె, దక్షిణదేశపు వర్తకులను గోరిరని తలఁచుట యుక్తము.

ఈ శాసనములోని కట్టుబాట్లు మొదటిదానికి భిన్నములు. మోటుపల్లికి వచ్చి నిలువఁగోరు వర్తకులను ఆదరించి, వారికి నేలయు నివేశనస్థలమును ఇత్తురు. తిరిగి పోవఁగోరినపుడు నిర్బంధించి నిలుపరు. తెచ్చిన సరకును ఇష్టము వచ్చినవారికి అమ్ముకొనవచ్చును, ఇష్టమైనదానిని మాఱుగాఁ గొనిపోవచ్చును. బలవంతముగా నెవరును బుచ్చికొనరు. బంగారుపై సుంకము మాన్పఁబడినది. చందనముపై సుంకము తగ్గింపఁబడినది. అపుత్రిక సుంకము, అనఁగా కొడుకులు లేక మరణించినవాని సొమ్మును రాజు కొనుట, విడిచిపెట్టఁబడినది.

గణపతిదేవుఁడు అభయమిచ్చినది దారిలో నున్నవానికి. అనపోతారెడ్డి యిచ్చినది దిగి నిలిచినవానికి. మొదటివానికి గాలివలనను, గాలి తెచ్చిన సొమ్మును గాచుకొనియున్న యొడ్డువారివలనను భయము. రెండవవానికి, ఇల్లు కట్టుకొనిన పిదప రాజోద్యోగి వచ్చి యీ వెలకే మాకమ్ముమనునేమో, పోవలెనన్నఁ బోనీయఁడేమో, ఈ పరదేశమునఁ దాను మరణించిన నాలుబిడ్డల గతి యేమగునో యని భయము. ఓరుఁగల్లు పతనానంతరము చెదరిపోయిన వర్తకులను మరలఁ గూర్చుకొనవలసిన రాజునకు ఓడలు వచ్చిపోయినఁ జాలదు, మనుష్యులు నిలువవలెను. బంగారుపై సుంకము మాన్పుటయు నిట్టిదే. లోనికి వచ్చు బంగారము రాజ్యమున నాణెమునకును, గుఱ్ఱముల వెలకును ఉపయోగపడును. దానిని వాకిటనే కోసికొనుట విత్తనపు గింజలను దంచుకొనుట వంటిది.

అపుత్రిక విషయము పాఠశాలలయందు శాకుంతలమును బోధించు పండితులకుఁ జక్కఁగఁ దెలిసినదే. ఆఱవ యంకమున అమాత్యుఁడు దుష్యంతునకు లేఖ పంపును: సముద్రవ్యవహారి యైన ధనమిత్రుఁడను సార్థవాహుఁడు నౌకాభంగమున మరణించెను, సంతానము లేదు, అతని ధనరాశి రాజునకుఁ జెందవలసియున్నది. అపుడు రాజు అతని భార్యలలో గర్భవతి యున్నదేమో విచారింపుమనును. ఉన్నదని తెలియఁగానే గర్భస్థశిశువునకే పిత్ర్యధనము చెందునని తీర్పు చెప్పును. కాళిదాసు దీనిని దుష్యంతుని యనపత్యతాదుఃఖమును రేపుటకై కల్పించెను. ఆ రసదృష్టితోనే యది బోధింపఁబడుచున్నది. కాని అమాత్యునకు అందు వింత యేమియుఁ దోఁపలేదు. వర్తకుఁడు పోయెను, ఓడ పోయెను, మిగిలినది రాజుది. లెక్కలు వ్రాయుచుండఁగా మామూలుగా వచ్చిన వ్యవహార మది. నౌకాభంగము, అపుత్రికత్వము — మోటుపల్లి శాసనములు రెండును వేర్వేఱుగా ముట్టిన రెండు సంకటములును ఆ యొక్క లేఖలో నున్నవి.

ధర్మశాస్త్రము సార్థవాహునిపట్ల నిర్దయమైనది కాదు. దేశాంతరమున మరణించిన వర్తకుని సొమ్ము దాయాదులకు, బంధువులకు, జ్ఞాతులకు, తోడివచ్చినవారికిఁ జెందవలెననియు, వారెవరును లేనప్పుడే రాజు కొనవలెననియు యాజ్ఞవల్క్యుఁడు చెప్పెను. ఈ స్మృతికి మితాక్షరవ్యాఖ్య యెంతటి ప్రమాణమో, దాని ననుసరించి కేతన తెనిఁగించిన విజ్ఞానేశ్వరీయ మా కాలపుఁ దెలుఁగువారికి వ్యవహారధర్మము నెట్లు చేరువ చేసెనో పండితు లెఱుఁగుదురు. అయినను స్మృతిలో నున్నదానిని రాజు శాసనమున మరలఁ జెప్పవలసి వచ్చెననఁగా, ఆచారము స్మృతి ననుసరించి నడచుచుండలేదని యర్థము. దాయాదులు నూఱు యోజనముల దూరమున నున్నపుడు రాజోద్యోగికి ‘ఎవరును లేరు’ అని వ్రాసికొనుట సులభము. అనపోతారెడ్డి యా కలమును చేతినుండి తీసివైచెను. పద్యములలో నతనికెన్ని బిరుదులున్నను, పరదేశపు వర్తకునకు అతని రాజ్యమునఁ గల మేలు ఈ యొక్క నిబంధన.

ఈ కట్టుబాట్ల ఫలము సాహిత్యమున నొకచోటఁ గానవచ్చును. కుమారగిరిరెడ్డి (1386-1402) వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుఁడు హరవిలాసమును గృతి యిచ్చెను. తెలుఁగునఁ గావ్యకన్యను రాజు గాక వర్తకుఁడు చేపట్టిన ప్రసిద్ధోదాహరణము లలో నిది యొకటి. అవతారికలోఁ గవి తిప్పయ తెప్పించు సరకులను, దేశములను పేర్కొనెను: సింహళపు టేనుఁగులు, హురుమంజి గుఱ్ఱములు, భోటదేశపుఁ గస్తూరి, చీనాంబరములు. తరుణాసీరి, తవాయి యని చెప్పఁబడినవి బర్మాతీరమునందలి తెనాసెరిము, తవాయి రేవులు. ఇందలి యోడల పేర్లు మఱింత విలువైనవి. కప్పలి, జోంగు, వల్లి, వలికా, సమ్మను — వీనిలో ‘కప్పలి’ అరవమువారి కప్పలే. ‘జోంగు’ తూర్పుసముద్రములఁ దిరుగు పెద్ద నావ. ‘సమ్మను’ చీనావారి సంపాను. వ్యాఖ్యాతలు ఈ పేర్లను కేవలము నౌకాభేదములని వ్రాసి దాఁటిపోవుట కలదు. గణపతిదేవుని పట్టికయందలి సరకులను, శ్రీనాథుని యవతారికలోని సరకులను ప్రక్కప్రక్క నుంచి చదివినచో, కర్పూరము, చందనము, పన్నీరు, ముత్యములు, పట్టు మరల మరలఁ గానవచ్చును. సుంకరి గద్యాణములలోఁ జెప్పినదానిని కవి మత్తేభములోఁ జెప్పెను.

రెడ్లరాజ్యము 15వ శతాబ్ది ప్రథమపాదమున నంతరించెను. 1611లో ‘గ్లోబు’ అను నాంగ్లేయుల యోడ ఈ తీరమునకు వచ్చినపుడు అది మోటుపల్లి చెంత నాగలేదు. పెదపల్లె యనఁబడు నిజాంపట్టణమునకును, అటుపిమ్మట మచిలీపట్టణమునకును బోయినది. డచ్చివారు పెదపల్లెకు అంతకు ముందే, 1606లోనే వచ్చియుండిరి. ఆ వర్తకులు దేశపు రాజు చెక్కించిన స్తంభమును జదివికొని సుంకము చెల్లించువారు కారు. తమ కట్టుబాట్లను తామే వ్రాసికొని వచ్చి, ఫర్మానాలపై ముద్రలు వేయించుకొన్నవారు.